చమురు బావుల్లో చేపల వేట



వార్షికోత్సవ సంచికకు కవితలు, కథలు, హాస్టల్ జ్ఞాపకాలు చాలామంది రాస్తారు. మేము మాత్రం ఒక పాఠం రాద్దామనుకున్నాం. మేము కూడా ఈ హాస్టల్లో ఉండి, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్లం మేమే మొదటివాళ్లం. ఇప్పుడు ఎం.ఎస్సీ. జియాలజీ చదువుతున్నాం. చమురు బావుల తవ్వకం గురించి చదివేటప్పుడు మాకొక సంగతి అర్థమైంది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి గానీ, వాటిలోని విషయం చాలావరకు మన ఊరి బావి దగ్గరా, మన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోనూ ఉన్నదే. అందుకే ఈ పాఠాన్ని తెలుగులో రాస్తున్నాం. తొమ్మిదో తరగతి తమ్ముడికి కూడా అర్థం కావాలన్నది మా ఆశ.

పాతాళగరిగె నుంచి మొదలుపెడదాం

ఊరి బావిలో బకెట్ పడిపోతే ఏం చేస్తాం? పాతాళగరిగె తెస్తాం. కొన్ని ఊళ్లలో దీన్ని పాతాళభేది అంటారు. గుత్తిగా ఉన్న ఇనుప కొక్కేలను తాడుకు కట్టి బావిలోకి దించి, అడుగున అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతాం. నీళ్లలో ఏమీ కనపడదు. తాడు మీద తగిలే బరువును బట్టే బకెట్ చిక్కిందో లేదో తెలుసుకుంటాం.

చమురు బావిలో ఏదైనా పడిపోయినా చేసే పని ఇదే. తేడా అంతా లోతులోనూ, ఇరుకులోనూ ఉంది. ఊరి బావి పది పన్నెండు గజాల లోతు ఉంటుంది, మనిషి దిగేంత వెడల్పు ఉంటుంది. చమురు బావి రెండు మూడు కిలోమీటర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ లోతు ఉంటుంది. అడుగుభాగంలో దాని వెడల్పు తరచుగా 8½ అంగుళాలు మాత్రమే. అంటే మనం అన్నం తినే పళ్లెం కూడా అందులో పట్టదు. పైగా బావి నిండా చిక్కటి బురద ద్రవం ఉంటుంది. దాన్ని 'మడ్' అంటారు. అందులో కెమెరా దించినా ఏమీ కనపడదు.

పేరు ఎలా వచ్చింది?

బావిలో పోయిన వస్తువును 'ఫిష్' అంటారు, అంటే చేప. దాన్ని పైకి తీసే పని 'ఫిషింగ్'. ఆ పనిలో ఆరితేరినవాణ్ణి 'ఫిషర్‌మన్' అనడం కూడా ఉంది. పాతకాలంలో పెద్ద ఉలిలాంటి పనిముట్టును తాడుకు కట్టి, ఎత్తి దింపుతూ రాయిని పొడిచి బావి తవ్వేవారు. తాడు తెగి ఉలి లోపల పడిపోతే కొక్కెం కట్టి వెతికేవారు. గాలం వేసినట్టే కదా! అందుకే ఆ పేరు నిలిచిపోయింది.

1859 ఆగస్టు 27న అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ అనే ఆయన తవ్వించిన బావిలో 69½ అడుగుల లోతున చమురు కనిపించింది. అది ప్రపంచ ప్రసిద్ధి పొందిన సంగతి మీకు తెలిసిందే. అదే ఏడాది ఆ దగ్గరలోనే జాన్ గ్రాండిన్ అనే యువకుడు మరో బావి మొదలుపెట్టాడు. ఆయన బావి 134 అడుగుల దగ్గర ఉండగా ఉలి ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. తుపాకిమందు పేల్చి చూశారు, ఫలితం లేదు. చివరికి ఆ బావిని వదిలేశారు. అంటే చమురు బావుల చరిత్ర ఎంత పాతదో, బావిలో వస్తువు పోగొట్టుకున్న చరిత్ర కూడా అంత పాతదే.

ఎందుకు పడిపోతాయి?

ఇప్పటి బావులను తిరిగే పైపుతో తవ్వుతారు. ఒక్కో డ్రిల్ పైపు సుమారు 9½ మీటర్ల పొడవు ఉంటుంది. ఒకదానికొకటి మరలతో బిగిస్తూ పోతారు. 3000 మీటర్ల బావికి మూడు వందలకు పైగా పైపులు కావాలి. వాటి చివర 'బిట్' ఉంటుంది, రాయిని తవ్వేది అదే. ఇంత పొడవైన గొలుసులో తప్పు జరగడానికి ఎన్నో దారులు ఉన్నాయి.

మొదటిది లోహం అలసట. ఇనుప తీగను అటూ ఇటూ పదే పదే వంచితే తెగిపోతుంది. వంకర బావిలో తిరిగే పైపు ప్రతి చుట్టుకీ అలాగే వంగుతుంది. కొన్ని లక్షల చుట్ల తర్వాత ఒక సన్నని పగులు పెద్దదై పైపు విరుగుతుంది.

రెండోది ఇరుక్కుపోవడం. బావి గోడ కూలి పైపు చుట్టూ మట్టి పేరుకోవచ్చు. లేదా బావిలోని మడ్ ఒత్తిడి రాతిపొరలోని ఒత్తిడి కంటే చాలా ఎక్కువైతే, కదలకుండా ఉన్న పైపును అది గోడకు అదిమి పట్టేస్తుంది.

మూడోది బిట్ చక్రాలు ఊడి పడిపోవడం. నాలుగోది కొలత పరికరాలను దించే తీగ తెగిపోవడం. ఐదోది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే బాధాకరమైనది. పైన పనిచేసేవాళ్ల చేతిలోంచి సుత్తో, స్పానరో, ఒక బోల్టో జారి బావిలో పడటం. రాయిని కొరకడానికి చేసిన బిట్ ఉక్కు ముక్క మీద పడితే పళ్లు పోగొట్టుకుంటుంది. కాబట్టి అరకిలో స్పానర్ కూడా కోట్ల రూపాయల పనిని ఆపేయగలదు. అందుకే రిగ్గు మీద బావిలో పైపు లేనప్పుడు మూత వేసి ఉంచాలన్నది గట్టి నియమం.

మొదటి పనిముట్టు నోటు పుస్తకం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చేప పడిపోయిన తర్వాత మొదట ఏ పనిముట్టు దించుతారు? ఏదీ దించరు. మొదట పుస్తకం తీస్తారు.

బావిలోకి ఏ వస్తువు దించాలన్నా, దించకముందే దాని పొడవు, బయటి వ్యాసం, లోపలి వ్యాసం కొలిచి బొమ్మ గీసి రాసిపెట్టాలి. లోపల పోయాక కొలవడం ఎవరి వల్లా కాదు. చేపను పట్టే పనిముట్టును ఆ కొలతకు సరిపోయేటట్లు అమర్చాలి. 6¼ అంగుళాల చేపకు 6½ అంగుళాల పట్టు వేస్తే జారిపోతుంది. 6½ అంగుళాల చేపకు 6¼ అంగుళాల పట్టు వేస్తే ఎక్కనే ఎక్కదు. రెండు కిలోమీటర్లు దించి, మళ్లీ పైకి తీసి, తప్పు తెలుసుకునేసరికి ఒక రోజు గడిచిపోతుంది.

చేప తల ఎక్కడుందో కూడా పుస్తకమే చెబుతుంది. ఒక లెక్క చూడండి. బావి లోతు 2520 మీటర్లు. పైపు విరిగినప్పుడు బిట్ అడుగుకు 20 మీటర్ల పైన ఉంది. అంటే మొత్తం గొలుసు పొడవు 2500 మీటర్లు. పైకి వచ్చిన పైపులను కొలిస్తే 2180 మీటర్లు ఉన్నాయి. అయితే లోపల మిగిలిన చేప పొడవు 320 మీటర్లు. అది విరిగాక జారి అడుగుకు చేరి ఉంటుంది. కాబట్టి దాని తల 2520 లోంచి 320 తీసేస్తే 2200 మీటర్ల దగ్గర ఉండాలి. కేవలం కూడికలు, తీసివేతలు. కానీ ఒక్క పైపు లెక్క తప్పితే తల తొమ్మిది మీటర్లు అటో ఇటో అవుతుంది. అప్పుడు పనిముట్టు వెళ్లి చేపకు గుద్దుకుని, పట్టుకోవలసిన తలనే పాడుచేస్తుంది.

చీకట్లో ముద్ర

విరిగిన పైపు తల గుండ్రంగా ఉందా, చీలిపోయిందా, పక్కకు ఒరిగిందా? తెలుసుకోవడానికి 'ఇంప్రెషన్ బ్లాక్' దించుతారు. ఇది అడుగున మెత్తని సీసం పోసిన దిమ్మె. దాన్ని నెమ్మదిగా దించి, చేప తల మీద ఒక్కసారి బరువు మోపి, పైకి తీస్తారు. సీసం మీద తల ఆకారం అచ్చు పడి ఉంటుంది. మన తాతలు కాగితం మీద వేసిన వేలిముద్ర లాంటిదే. ఆ ముద్రను చదవడం వచ్చినవాడికి రెండు కిలోమీటర్ల లోతున ఉన్నది కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

పట్టుకునే పనిముట్లు

ఓవర్‌షాట్: చేపను బయటి నుంచి పట్టుకునేది. ఇది గొట్టం లాంటి గిన్నె. లోపలి గోడ ఏటవాలు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్ల మీద జారే, పళ్లున్న ఉక్కు పట్టు ఒకటి ఉంటుంది. దాన్ని 'గ్రాపుల్' అంటారు. ఓవర్‌షాట్‌ను కుడివైపు తిప్పుతూ చేప మీదికి దించితే గ్రాపుల్ విచ్చుకుని చేపను లోపలికి రానిస్తుంది. పైకి లాగగానే గ్రాపుల్ ఏటవాలు మీద కిందికి జారి చేపను కరుచుకుంటుంది. దూడ మెడలో జారుముడి వేస్తే లాగిన కొద్దీ బిగుస్తుంది కదా, అలాగే. చేప రాకపోతే, కొంచెం కిందికి మోపి, కుడివైపు తిప్పుతూ మెల్లగా లేపితే వదిలేస్తుంది. పట్టుకోవడమే కాదు, వదిలిపెట్టడం కూడా చేతనైన పనిముట్టే మంచి పనిముట్టు. లేదంటే చేపతో పాటు వలను కూడా పోగొట్టుకుంటాం.

స్పియర్: ఇది చేపను లోపలి నుంచి పట్టుకునేది. పైపు బొక్కలోకి దూరి, అక్కడ విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. చేప చుట్టూ ఓవర్‌షాట్ దిగేంత చోటు లేనప్పుడు ఇది వాడతారు.

టేపర్ ట్యాప్, డై కాలర్: ఐటీఐ ఫిట్టర్ చదివిన తమ్ముళ్లకు ఇవి వెంటనే అర్థమవుతాయి. ట్యాప్ పైపు లోపల మరలు కోసుకుంటూ బిగుసుకుంటుంది. డై కాలర్ పైపు బయట కోస్తుంది. అయితే ఇవి ఒకసారి బిగిస్తే సులభంగా వదలవు. అందుకే పైన 'సేఫ్టీ జాయింట్' పెట్టి దించుతారు, అవసరమైతే అక్కడ విడదీసుకోవచ్చు.

జార్: తడి నేలలో దిగబడిన గుంజను ఊరికే లాగితే రాదు, కుదిపి లాగాలి. ఆ కుదుపు ఇచ్చేది జార్. హైడ్రాలిక్ జార్ లోపల నూనె ఉంటుంది. పైపును గట్టిగా లాగినప్పుడు ఆ నూనె సన్నని సందులోంచి నెమ్మదిగా జారుతుంది. అంతసేపూ పైన ఉన్న పైపు రబ్బరులా సాగి శక్తిని దాచుకుంటుంది. నూనె వెడల్పు భాగానికి చేరగానే ఒక్కసారిగా వదులై, లోపలి సుత్తి దెబ్బ చేప మీద పడుతుంది. ఇలా గంటల తరబడి కొడతారు.

వాషోవర్ పైపు: ఇరుక్కున్న చేప చుట్టూ దిగే పెద్ద గొట్టం. అడుగున కోసే పళ్లు ఉంటాయి. మడ్‌ను పంపు చేస్తూ చేప చుట్టూ పేరుకున్న మట్టిని కడిగేసి, దాన్ని విడిపిస్తుంది.

చిన్న ముక్కలకు: బోల్టులు, బిట్ చక్రాల వంటి వాటికి అయస్కాంతం దించుతారు. లేదా 'జంక్ బాస్కెట్' అనే బుట్ట వాడతారు. ఏదీ కుదరకపోతే టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్లున్న 'మిల్లు'తో ఆ ఉక్కును అక్కడే అరగదీస్తారు. ఈ బుట్టల్లో ఒకదాని పేరు మాకు బాగా నచ్చింది. దాని పేరు 'పూర్ బాయ్ బాస్కెట్', అంటే పేదపిల్లవాడి బుట్ట. ఖరీదైన పనిముట్టు దొరకని చోట, ఒక పైపు ముక్క అడుగును వేళ్లలాగా కోసి వర్క్‌షాపులోనే తయారు చేసుకుంటారు. దాన్ని అడుగుకు దించి బరువు మోపితే ఆ వేళ్లు లోపలికి ముడుచుకుని ముక్కను పిడికిట్లో పట్టినట్టు పట్టుకుంటాయి. డబ్బు లేని చోట బుర్ర పనిచేస్తుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇంటర్ ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది

పైపు విరగలేదు, ఇరుక్కుంది అనుకుందాం. ఎక్కడ ఇరుక్కుంది? ఇంటర్ మొదటి సంవత్సరంలో యంగ్ గుణకం చదువుతాం. మార్కుల కోసం బట్టీపట్టిన ఆ సూత్రమే ఇక్కడ జవాబు చెబుతుంది.

పైపును దాని సొంత బరువుకు సరిపడా లాగి ఒక గీత గీస్తారు. తర్వాత ఇంకొంత బలంతో లాగి, గీత ఎంత పైకి వచ్చిందో కొలుస్తారు. సాగేది ఇరుక్కున్న చోటికి పైన ఉన్న పైపే. కాబట్టి:

స్వేచ్ఛగా ఉన్న పైపు పొడవు = యంగ్ గుణకం × పైపు అడ్డుకోత వైశాల్యం × సాగుదల ÷ అదనపు బలం

ఉక్కు యంగ్ గుణకం చదరపు మీటరుకు సుమారు 20,000 కోట్ల న్యూటన్లు. 5 అంగుళాల మామూలు డ్రిల్ పైపులో ఉక్కు అడ్డుకోత వైశాల్యం సుమారు 34 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.0034 చదరపు మీటర్లు. ఈ రెండింటినీ గుణిస్తే 68 కోట్ల న్యూటన్లు. అదనంగా 20 టన్నులు, అంటే సుమారు 2 లక్షల న్యూటన్ల బలంతో లాగితే పైపు 60 సెంటీమీటర్లు సాగిందనుకుందాం. 68 కోట్లను 2 లక్షలతో భాగిస్తే 3400. దాన్ని 0.6తో గుణిస్తే 2040 మీటర్లు. పైపు సుమారు 2040 మీటర్ల లోతున ఇరుక్కుంది. బావిలోకి ఏదీ దించకుండానే తెలిసింది!

తర్వాత ఆ చోటికి కొంచెం పైన ఉన్న జాయింటును విప్పాలి. డ్రిల్ పైపు మరలన్నీ కుడివైపు తిప్పితే బిగిసేవే. అందుకే పైపుకు ఎడమవైపు మెలి ఇచ్చి ఉంచి, సరిగ్గా ఆ జాయింటు దగ్గర తీగ మీద దించిన చిన్న పేలుడు పదార్థాన్ని పేలుస్తారు. బిగుసుకున్న డబ్బా మూతను తట్టి విప్పినట్టు జాయింటు వదులవుతుంది. పై పైపంతా బయటికి వస్తుంది. లోపల మిగిలిన చేపకు ఇప్పుడు శుభ్రమైన తల ఉంటుంది, దాని కోసం జార్‌తో మళ్లీ దిగవచ్చు.

ఇంకొక జాగ్రత్త. చేప దొరికిందన్న సంతోషంతో వేగంగా లాగకూడదు. ఇరుకు బావిలో చేప సిరంజి పిస్టన్‌లాగా పనిచేసి కింద ఒత్తిడి తగ్గిస్తుంది. రాతిపొరల్లోని గ్యాస్ బావిలోకి వచ్చేస్తుంది. బావి ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ ప్రజలు చూశారు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగి, 65 రోజుల పాటు మంటలు ఆరలేదు.

ఎప్పుడు ఆపాలి?

ఈ విద్యలో కష్టమైన ప్రశ్న ఇదే. ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం అని ప్రతిసారీ అనిపిస్తుంది. కానీ రిగ్గు ఖర్చు రోజూ పెరుగుతూనే ఉంటుంది. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. పోయిన చేప విలువ 2 కోట్లు. దాన్ని వదిలేసి, పైన సిమెంటు వేసి, పక్క నుంచి కొత్త దారి తవ్వడానికి 4 కోట్లు. చేపల వేటకు రోజుకు 50 లక్షలు. అయితే 6 కోట్లను 50 లక్షలతో భాగిస్తే 12 రోజులు. చేప కచ్చితంగా దొరుకుతుందన్నా 12 రోజులకు మించి వెతకడం నష్టమే. దొరికే అవకాశం సగమే అనుకుంటే 6 రోజులే. రోజులు గడిచే కొద్దీ దొరికే అవకాశం కూడా తగ్గుతూ ఉంటుంది.

ఎంత గొప్పవాళ్లకైనా ఈ లెక్క తప్పదు. సోవియట్ శాస్త్రవేత్తలు కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టిన పరిశోధన బావి 1984లో 12,066 మీటర్ల లోతుకు చేరింది. అప్పుడు సుమారు 5 కిలోమీటర్ల పైపు తెగి లోపల ఉండిపోయింది. వాళ్లు దాన్ని వదిలేసి, 7000 మీటర్ల దగ్గర నుంచి పక్కదారిలో మళ్లీ తవ్వారు. 1989లో అదే బావి 12,262 మీటర్లకు చేరి ప్రపంచంలోనే అత్యంత లోతైన బావిగా రికార్డు సాధించింది. వదిలేయడం ఓటమి కాదని, లెక్క చూసి వదిలేస్తే ముందుకు దారి ఉంటుందని కోలా బావి చెబుతుంది.

వదిలేసినా బాధ్యత మాత్రం తీరదు. రాతిపొరలను కొలిచే కొన్ని పరికరాల్లో రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. అలాంటిది పోయి, ఎంత ప్రయత్నించినా దొరకకపోతే దాన్ని సిమెంటుతో మూసి, బావి పైన శాశ్వతమైన హెచ్చరిక పలక పెట్టాలని అమెరికాలో నిబంధన ఉంది. యాభై ఏళ్ల తర్వాత అక్కడ తవ్వబోయే మనిషికి తెలియాలి కదా.

మనకు సంబంధం ఏమిటి?

కృష్ణా గోదావరి బేసిన్ మన తీరంలోనే ఉంది. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో బోరులో మోటారు జారితే, వెల్డింగ్ షాపులో సొంతంగా కొక్కెం చేయించి తీసే మెకానిక్కులు ఉన్నారు. వాళ్లు చేసేదీ ఫిషింగే. మన ఊళ్లలో ఎండిపోయిన బోర్లకు మూత వేయక పసిపిల్లలు పడిపోయిన విషాదాలు ఎన్నో చూశాం. పాడుబడిన బోర్లను పూడ్చాలని, మూతలు వేయాలని 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మూత లేని బోరు కనిపిస్తే సర్పంచ్ గారికో, పంచాయతీ కార్యదర్శికో చెప్పండి. రిగ్గు మీద స్పానర్ కోసం వేసే మూత, పసిబిడ్డ కోసం మనం వేయలేమా?

ఈ చదువు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఐటీఐ ఫిట్టర్, డిప్లొమా మెకానికల్ నుంచి ఎం.ఎస్సీ. జియాలజీ వరకు ఎన్నో దారులున్నాయి. పెట్రోలియం ఇంజనీరింగ్‌కు ధన్‌బాద్‌లోని ఐఐటీ (ఐఎస్‌ఎం) ఉంది, 2016లో మొదలైన విశాఖపట్నంలోని ఐఐపీఈ ఉంది. ఇంగ్లీషు చూసి భయపడకండి. ఇంగ్లీషు నేర్చుకోవచ్చు. కొలిచిన వెంటనే రాసిపెట్టే అలవాటు మాత్రం ఈ హాస్టల్ గదిలోనే, ఇప్పుడే మొదలుపెట్టాలి.

స్టడీ అవర్‌లో చేయండి

1. బావి లోతు 1800 మీటర్లు. బిట్ అడుగుకు 10 మీటర్ల పైన ఉండగా పైపు విరిగింది. పైకి వచ్చిన పైపుల పొడవు 1650 మీటర్లు. చేప పొడవెంత? అడుగుకు జారాక దాని తల ఎక్కడ?

2. అదే 5 అంగుళాల పైపును 10 టన్నుల అదనపు బలంతో లాగితే 20 సెంటీమీటర్లు సాగింది. ఎక్కడ ఇరుక్కుంది? 1360 మీటర్లు వస్తే మీ లెక్క సరైనదే.

3. మీ ఊరి బోరు మెకానిక్‌ను అడిగి, జారిన మోటారును ఏ పనిముట్టుతో తీస్తారో బొమ్మ గీయండి. అది ఓవర్‌షాట్‌కు దగ్గరా, స్పియర్‌కు దగ్గరా? ఆ బొమ్మలను వచ్చే సంవత్సరం సంచికలో వేద్దాం.